గుండెపోటు తరువాత వేట



నేడు నేను మీతో ముచ్చటింపబూనిన విషయము కొంత వింతగా తోచవచ్చును. గుండెపోటు వచ్చి బ్రదికి లేచినవాడు మరల వేటకు పోవచ్చునా యనునది ప్రశ్న. ఈ కాలమున వేట యెక్కడిదని మీలో కొందరు నవ్వవచ్చును. కాని పందుల బారినుండి చేను కాచుకొనుటకు అర్ధరాత్రి కర్ర పట్టుకొని పరుగెత్తువాడును ఒక విధముగా వేటగాడే. తెగిన గట్టును కట్టుటకు జోరువానలో పార భుజమున వేసికొని పోవువాడును, పలుపు త్రెంచుకొన్న ఎద్దు వెంట పడువాడును గుండె సంగతి వచ్చునప్పటికి వేటగానితో సమానులే. కావున నా కథ వేటకు సంబంధించినదైనను మీ యూరిలో ప్రతి యింటికిని పనికివచ్చునని నమ్మి చెప్పుచున్నాను. నేను వైద్యుడను గాను. ఆ రోగము ననుభవించితిని, వైద్యుడు చెప్పినదానిని శ్రద్ధతో వింటిని, ఒక్కమారు వినక తప్పు చేసితిని. ఈ విషయమున మాటలాడుటకు నాకు గల యర్హతలివియే.

నేను హైదరాబాదునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్‌లో నా కుమారునియింట నుండువాడను. అచ్చటినుండి విజయవాడ మార్గమున పోగా ఎల్.బి.నగర్, దానిని దాటిన పిమ్మట వనస్థలిపురము వచ్చును. నేడా దారిని తలయెత్తి చూచిన మేడలును, మెట్రో రైలు వంతెనయు తప్ప వేరేమియు కానరాదు. కాని వనస్థలిపురమున ఇప్పటికిని ఒక వనము మిగిలియున్నది. ఒకప్పుడది నైజాము ప్రభువుల వేటభూమి. 1975లో, మహావీరుడు నిర్వాణమొంది 2500 ఏండ్లు నిండిన సందర్భమును పురస్కరించుకొని, దానికి మహావీర హరిణ వనస్థలి యను పేరు పెట్టి జింకల వనముగా నేర్పరచిరి. 1994లో దానిని జాతీయోద్యానముగా ప్రకటించిరి. సుమారు 14 చదరపు కిలోమీటర్ల యా నేలలో కృష్ణజింకలు నేటికిని మందలు మందలుగా తిరుగుచున్నవి.

నా బాల్యము ఇబ్రహీంపట్నము వైపున ఒక పల్లెలో గడచినది. మా తండ్రికి లైసెన్సుగల తుపాకి యుండెను. ఆయన వెంట తిరిగి కుందేళ్ల దారులు, కౌజుల కూతలు, పందుల జాడలు నేర్చుకొంటిని. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. అప్పటికి నాకు ఇరువదిరెండేండ్లు. మా తండ్రి వేట చాలించి తుపాకిని ఠాణాలో దాఖలు చేసెను. చట్టమనగా చట్టమే యని ఆయన మతము. చేతినుండి తుపాకి పోయినది గాని మనసునుండి వేట పోలేదు. ఏబదియేండ్ల తరువాత కూడ నేల మీద గిట్ట గుర్తు కనబడినచో వంగి చూడక ముందునకు అడుగు పెట్టలేకపోయెడివాడను.

2022 డిసెంబరులో ఒకనాటి తెల్లవారుజామున నిద్ర లేవగానే ఛాతీ నడుమ రోకలి పెట్టి అదిమినట్లు బరువు తోచినది. ఎడమ భుజము లాగినది. క్రింది దవడ నొచ్చినది. చలికాలమున నొడలెల్ల చెమట పోసినది. ఇది వాయువని నేను నిశ్చయించుకొంటిని. వాము నమిలితిని, వేడినీరు త్రాగితిని, కొంతసేపటికి సోడా తెప్పించి త్రాగితిని. ఇంటిలోనివారిని కంగారుపెట్టనేల యని నోరు మెదపలేదు. ఈ విధముగా మూడు గంటలు పోయినవి. కడకు మా కోడలు కాఫీ యిచ్చుటకు వచ్చి, నా చొక్కా తడిసియుండుట చూచి, నన్నొక్క మాటయైన నడుగక 108కి ఫోను చేసినది. ఆ బండి యేర్పాటు మన తెలుగునాట 2005లో మొదలైనదని మీకు తెలియును. ఆ దినమున అది నా ప్రాణము నిలిపినది. మూడు గంటల జాగు మాత్రము నా స్వయంకృతము. దానికి వేరెవ్వరును బాధ్యులు గారు.

ఇక ఆ మూడు గంటలలో లోపల నేమి జరిగినదో చెప్పెదను. హృదయము దేహమునకెల్ల నెత్తురు పంపు యంత్రము. ఆ యంత్రమునకును నెత్తురు కావలెను. అందులకై దాని పైభాగమున సన్నని నాళములు కలవు. చెరువునుండి పొలమునకు పారు కాలువల వంటివని తలపుడు. ఏండ్ల తరబడి ఆ కాలువల గోడలలో క్రొవ్వు పేరుకొని పూడిక యేర్పడును. చుట్ట, బీడీ, మధుమేహము, రక్తపుపోటు ఈ పూడికను పెంచును. నేను నలువదియేండ్లు చుట్ట కాల్చినవాడను. ఒకనాడు ఆ పూడిక పగులును. పగిలినచోట నెత్తురు గడ్డకట్టి కాలువ మూసికొనిపోవును. ఆ కాలువ క్రింది మడికి నీరందదు. పొలములోని మడి యెండుటకు దినములు పట్టును గాని, గుండె కండరము అరగంటలోపలనే చచ్చుటకు మొదలిడును. గంటలు గడచినకొలది చావు విస్తరించును. ఒకమారు చచ్చిన కండరము మరల మొలవదు. ఆ చోట ఆరు మొదలు ఎనిమిది వారములలో గట్టి మచ్చ యేర్పడును. మచ్చ అతుకుగా నిలుచునే గాని కండరమువలె పని చేయదు.

కావున వైద్యమంతయు కాలముతోడి పందెమే. గడ్డను కరగించు సూదిమందొకటి కలదు. మణికట్టునుండి గాని తొడనుండి గాని సన్నని గొట్టమును నాళములోనికి పంపి, కొనయందలి బుడగ నుబ్బించి, దారి తెరచు పద్ధతి మరియొకటి. ఈ రెండవదానిని మొట్టమొదట 1977లో స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమున గ్రూంట్జిగ్ అను వైద్యుడు మనుష్యునియందు ప్రయోగించెను. తెరచిన దారి మరల మూసికొనిపోకుండ అచట లోహపు జాలిగొట్టము నుంచుదురు. దానినే స్టెంటందురు. నాకట్టిది యొకటి పెట్టిరి. పేదవారు ఖర్చునకు జంకి జాగు చేయరాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకమున గుండె చికిత్సలును చేరియున్నవి.

నాలుగవ దినమున ఇంటికి వచ్చితిని. చుట్టములు వచ్చి, ఇక మంచము దిగరాదని యొకరు, మెట్లెక్కరాదని యొకరు హితవు చెప్పిరి. వారి మాటలకు మూలము లేకపోలేదు. గుండెపోటు వచ్చినను మనుష్యుడు బ్రదుకవచ్చునని 1912లో హెరిక్ అను అమెరికా వైద్యుడు వివరించి వ్రాసినది మొదలు ఎన్నియో యేండ్లు, రోగిని వారముల తరబడి మంచమున కదలనీయకుండ నుంచుటయే చికిత్సగా నుండెను. 1952లో బోస్టను నగరమున లెవిన్, లౌన్ అను వైద్యులిద్దరు రోగులను మంచము దింపి కుర్చీలో కూర్చుండబెట్టి, దానివలన కీడు లేదని చూపిరి. 1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు గుండెపోటు వచ్చినది. ఆయనను చూచిన పాల్ డడ్లీ వైట్ అను వైద్యుడు నడక మేలని చెప్పువారిలో ముఖ్యుడు. క్రమముగా లేచి నడచిన ఐసెన్‌హోవరు 1956లో రెండవమారు ఎన్నికలలో నెగ్గెను, 1959 డిసెంబరులో మన దేశమునకును వచ్చెను, 1969 వరకును జీవించెను.

ఇచట నాకు మరియొక మహనీయుడు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. ఎల్.బి.నగర్ అను మాటకు లాల్ బహదూర్ నగర్ అని యర్థము. దినమునకు లక్షలమంది ఆ రెండక్షరములు పలుకుదురు గాని వాని వెనుకనున్న మనుష్యుని తలచువారు తక్కువ. లాల్ బహదూర్ శాస్త్రిగారు 1964 జూనులో ప్రధానమంత్రి యైరి. ఆ నెలలోనే వారికి గుండెపోటు వచ్చినది. కోలుకొని 1965 యుద్ధభారమును మోసిరి. 1966 జనవరి 11వ తేదీ రాత్రివేళ, తాష్కెంటు ఒడంబడికపై చేవ్రాలు చేసిన కొన్ని గంటలకే, గుండెపోటుతో స్వర్గస్థులైరని ప్రకటింపబడినది. దేశము కొరకు వారు విశ్రాంతి నెరుగకుండిరి. మనకట్టి భారము లేదు. వేటకో, పట్టుదలకో ప్రాణమొడ్డుట మనకు కీర్తి తెచ్చు పని కాదు.

మా డాక్టరు నన్ను మంచమున నుండనీయలేదు. మొదటి వారము ఇంటి వసారాలో అయిదు నిమిషముల నడక, దినమునకు మూడుమారులు. తరువాత పది నిమిషములు. నెల గడచిన పిదప సరూర్‌నగర్ చెరువు దగ్గర ఉదయపు నడక. ఎంత వేగము నడువవలెనని యడిగితిని. ఆయన చెప్పిన కొలత మీరును గుర్తుంచుకొనదగినది. నడచుచు ప్రక్కవానితో తడబడక మాటలాడగలిగినచో ఆ వేగము సరియైనది. మాట మాటకు ఊపిరి తెగినచో వేగము తగ్గింపవలెను. పాట పాడుటకు కూడ వీలున్నచో మరికొంచెము పెంచవచ్చును. నాడి చూచి లెక్కించుట కొందరికి చాలదు. ఏలయన, గుండె వేగమును అణచి యుంచు మాత్రలు వేసికొనువారి నాడి కష్టమున కూడ నెమ్మదిగానే యుండును.

మూడు నెలలకు నన్ను ట్రెడ్‌మిల్ అను కదలెడు పట్టీ మీద నడిపించి, తీగలు తగిలించి, గుండె వ్రాతను చూచిరి. బాగుగనే యున్నదనిరి. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లను మధ్య నొక్కచోట మాత్రము నిలిచి పైకెక్కగలిగితిని. నాకు ధైర్యము వచ్చినది. కొంత గర్వమును వచ్చినది.

2023 నవంబరులో మా మేనల్లుడు ఊరినుండి వచ్చెను. వాని మొక్కజొన్న చేను పందుల పాలగుచుండెను. ఒక రాత్రిలో అరయెకరము దున్నినట్లు చేసి పోయినవట. ఊరివారు అధికారులకు విన్నవించుకొని యనుమతి పొందిరి. అనుమతి గల తుపాకీదారు ఒకడు రానుండెను. "మామా! నీవు తుపాకి ముట్టనక్కరలేదు. అవి యే దారిన వచ్చి యే దారిన పోవునో చూపిన చాలును. ఊరిలో జాడ తెలిసినవారు ఇక నెవ్వరున్నారు?" అనెను. ఆ మాట విని నాకు ఇరువదియేండ్ల వయసు మరల వచ్చినట్లైనది. చెప్పవలసినది కనుక చెప్పుచున్నాను: అడవిపందినైనను అనుమతి లేక చంపుట నేరము. చేని చుట్టు కరెంటు తీగలు కట్టుట నేరమే గాక మనుష్యుల ప్రాణములు తీయు పని. కృష్ణజింక వంటి మృగముల వేటకైతే రైతు కోరినంతమాత్రమున అనుమతి యను మాటయే లేదు.

డాక్టరు నడుగుటకు పోయితిని. నడక బాగుగనున్నది, మెట్లెక్కగలుగుచున్నాను, ఇక వేటకు పోయిన నేమి యంటిని. ఆయన నవ్వి, "మీరు నడకలో ఉత్తీర్ణులైతిరి. వేట వేరు పరీక్ష" అనెను. తరువాత నాకొక పరిశోధన సంగతి చెప్పెను. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున జింకల వేటకు పోవు పురుషులు 25 మందికి గుండె వేగమును వ్రాయు యంత్రము కట్టి పంపిరట. వారిలో 17 మందికి గుండె నాళముల జబ్బు కలదు. ముందుగా అందరిని ట్రెడ్‌మిల్ మీద శక్తి కొలది నడిపించి చూచిరి. అడవిలోనికి పోయిన పిమ్మట 10 మందికి గుండె వేగము ట్రెడ్‌మిల్ మీది పరాకాష్ఠను కూడ మించిపోయినది. ఈ సంగతి 2007లో ప్రకటింపబడినది. ఆసుపత్రిలో కొలిచిన హద్దు అడవిలో హద్దుగా నిలువలేదన్నమాట.

ఎందుచేత నిట్లగునో ఆయన యొక్కొక్కటియే విప్పి చెప్పెను. నడకలో గుండె మెల్లగా వేడెక్కును. వేటలో గంటల తరబడి మాటున కదలక కూర్చుండి, మృగము కనబడినంతనే ఒక్కపెట్టున లేతుము. చల్లని యంత్రమును ఒక్కసారిగా పూర్తి వేగమున త్రిప్పినట్లుండును. రెండవది, కాలు కదపకున్నను మృగమును చూచినంతమాత్రముననే గుండె దడదడలాడును. ఉద్రేకము వలన నెత్తురులోనికి వచ్చు రసము కొరడావలె గుండెను తోలును. మూడవది చలి. చలిగాలికి చర్మమునందలి నాళములు ముడుచుకొనును, రక్తపుపోటు పెరుగును, గుండె మరింత బలముగా నెట్టవలసివచ్చును. నాలుగవది, పడిన మృగమును లాగుట. బరువు లాగునప్పుడు మనము తెలియకయే ఊపిరి బిగబట్టుదుము. అప్పుడు రక్తపుపోటు ఒక్కసారి పైకెగయును. ఐదవది అన్నిటికంటె చెడ్డది: అడవిలో ఒంటరితనము, చీకటి, రోడ్డునకు దూరము. ఇవి వేటకే గాక, రాత్రి చేని కావలికిని, వానలో గట్టు పనికిని అక్షరాల సరిపోవునని మీరు గ్రహించియే యుందురు.

ఈ మాటలు వినుచుండగా నాకు పాండురాజు కథ తలపునకు వచ్చినది. వేటలో జింక రూపమున నున్న మునిని కొట్టి శాపము తెచ్చుకొన్నవాడాయన. ఏది తన ప్రాణము తీయునో ఎరిగియుండెను. ఎన్నియో యేండ్లు నియమముతో నుండెను. ఒక వసంతదినమున ఒక్క క్షణము మరచెను. ఆ కథ చెప్పిన పెద్దలు గుండె నాళముల నెరుగకపోవచ్చును గాని మనుష్యుని బాగుగా నెరుగుదురు.

డాక్టరు నన్ను పోవలదనలేదు. షరతులు పెట్టెను. పగటివేళ జాడ చూపవచ్చును. రాత్రి కావలి దగ్గర కూర్చుండవచ్చును. పరుగెత్తరాదు, మంచె యెక్కరాదు, బరువు ముట్టరాదు, ఒంటరిగా నుండరాదు, కల్లుగాని చుట్టగాని ముట్టరాదు. నాలుక క్రింద నుంచుకొను మాత్ర చొక్కా జేబులో నుండవలెను, దాని సంగతి ప్రక్కవానికి తెలిసియుండవలెను. అన్నిటికిని సరేయని మాట యిచ్చితిని.

డిసెంబరులో పోయితిని. పగలంతయు మేనల్లునితో మెల్లగా తిరిగి, వాగునుండి చేనికి పందులు వచ్చు దారులు రెండు గుర్తించితిని. బురదలో దొర్లిన గుంటలు, చెట్టు మొదళ్లకు ఒరసికొన్న మట్టి గుర్తులు, అన్నియు మా తండ్రి చూపినట్లే యుండెను. రాత్రి కంబళి కప్పుకొని గట్టు వెనుక కూర్చుంటిమి. మూడు గంటలు కదలలేదు. చలి యెముకలు కొరుకుచుండెను. రెండవజామున వాగు వైపు ఆకులు గలగలలాడినవి. మంద వచ్చినది. నేను చూపిన దారినే వచ్చినది! నా గుండె చెవులలో వినబడినది. తుపాకి ప్రేలినది. ఒక పంది పడి మరల లేచి, నేను కూర్చున్న వైపునుండి చేనిలోనికి దూరినది. దెబ్బతిన్న పంది యెంత ప్రమాదకరమో, అది యే సందున తప్పించుకొనునో నాకొక్కనికే తెలియునని తోచినది. ఆలోచింపలేదు. లేచి పరుగెత్తితిని.

ముప్పది అడుగులు కూడ పోలేదు. అదే రోకలి, అదే చోట అదిమినది. కాళ్లు నిలిచిపోయినవి. అప్పుడు నేను చేసిన పని ఒక్కటే సరియైనది: పిలిచితిని. సిగ్గుపడక, వాయువనుకొనక, "అల్లుడా! గుండె నొప్పి" అని అరచితిని. వాడు వచ్చి నన్ను నేలమీద గట్టునకు చేర్చి కూర్చుండబెట్టెను. జేబులోని మాత్ర తీసి నాలుక క్రింద నుంచెను. ఆ మాత్ర వేసికొనునప్పుడు నిలిచియుండరాదు. రక్తపుపోటు తగ్గి తల తిరిగి పడుదుము. ఊరిలోనికి నడిపించుకొని పోదమని యొకరనిరి. వలదంటిని. నొప్పిలో నడచుట నిప్పునకు నెయ్యి పోయుటయే. మేనల్లుడు ఫోను చేతబట్టుకొని గడియారము చూచుచుండెను. అయిదు నిమిషములలో నొప్పి తగ్గనిచో 108ని పిలువవలెనని డాక్టరు చెప్పియుండెను. నాలుగవ నిమిషమున నొప్పి సడలినది. తరువాత పూర్తిగా పోయినది.

ఆ నాలుగు నిమిషములలో నా యెదుట మేనల్లుని ముఖమును చూచితిని. నలువది యేండ్ల మగవాడు, పిల్లవానివలె వణకుచుండెను. నేను చచ్చినచో పిలిచి తెచ్చినవాడు తానని వాడు బ్రదికినన్నాళ్లు కుమిలిపోయి యుండును. నా పరుగు నా యొక్కని ప్రాణముతో పోయెడిది కాదని అప్పుడు తెలిసినది. ఆ పంది సంగతి చెప్పనేలేదు. అది చేని చివరనే పడియుండెను. నేను పరుగెత్తినను, పరుగెత్తకున్నను అచటనే పడియుండెడిది.

తెల్లవారగానే కారులో నగరమునకు వచ్చి డాక్టరునకు జరిగినదంతయు చెప్పితిని. నెత్తురు, గుండె వ్రాత పరీక్షించిరి. క్రొత్త పోటు రాలేదు. మందులు కొంత మార్చిరి. కోపపడునని జంకితిని గాని ఆయన కోపపడలేదు. "మీరు దాచక వచ్చి చెప్పితిరి. పెద్దలలో చాలమంది దాతురు. మాకు దొరకని రోగి వాడే" అనెను.

ఆ తరువాత నేను రాత్రి కావలికి పోలేదు. కాని వేట మానలేదని చెప్పుదును. మేనల్లుడు పగటివేళ ఫోనులో చేని బొమ్మలు పంపును; జాడ చూచి దారి చెప్పుదును. నేను నేర్చినదంతయు మా ఊరి కుర్రవాండ్రు నలుగురికి నేర్పితిని. విద్య నాతో పోదని తృప్తి కలిగినది. వారమున కొకమారు హరిణ వనస్థలికి పోయి కృష్ణజింకలను చూచి వచ్చెదను. మగజింక వయసు వచ్చినకొలది నల్లబడును, మెలితిరిగిన కొమ్ములతో తల వెనుకకు వేసి నడచును. బెదరినచో మంద మందయంతయు బంతులవలె గాలిలోనికెగసి పరుగిడును. మొదట కొన్నాళ్లు నా కుడిచేతి వ్రేలు తనంతట తానే ముడుచుకొనెడిది. ఇప్పుడు ముడుచుకొనుట లేదు. చూచుటకును జాడ చదువుటకును తుపాకి యక్కరలేదని తెలిసికొనుటకు నాకు డెబ్బదిమూడేండ్లు పట్టినది.

ఇక మీకు నేను విన్నవింపగోరునవి కొన్ని కలవు. ఛాతీలో బరువు, దవడ నొప్పి, చేయి లాగుట, కారణము లేని చెమట, ఆయాసము, పొట్ట పైభాగమున మంట వంటివి కలిగి విడువకున్నచో వాయువని కూర్చుండకుడు. స్త్రీలకును, మధుమేహము కలవారికిని నొప్పి లేకయే ఆయాసముతోనో అలసటతోనో ఇది రావచ్చును. వెంటనే 108ని పిలువుడు. ఆస్పిరిన్ మాత్ర సరిపడనివారు గాక తక్కినవారు, ఫోనులో వైద్యసిబ్బంది చెప్పినచో, దానిని నమిలి మ్రింగవచ్చును. రోగిని మోటారు సైకిలు మీద నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోకుడు.

పోటు వచ్చి లేచినవానిని మంచమునకు కట్టివేయకుడు, కాడికిని కట్టకుడు. వసారా, వీధి, చెరువుగట్టు, పొలము: ఈ వరుసనే నడిపింపుడు. పొలము పనికి ముందు పది నిమిషములు మెల్లగా నడిచి గుండెను వేడెక్కనిండు. ముగించునప్పుడు కూడ ఒక్కసారి కూలబడక మెల్లమెల్లగా నిలుపుడు. కడుపునిండ తిన్న వెంటనే గాని, మంచు కురియు వేళ గాని శ్రమ పడనీయకుడు. బరువెత్తునప్పుడు ఊపిరి బిగబట్టవలదని చెప్పుడు. స్టెంటు పెట్టినవారు, ఒంట్లో బాగున్నదని చెప్పి, నెత్తురు గడ్డకట్టనీయని మాత్రలను తమంతట తాము మానరాదు. పల్లు పీకించుకొనుటకైనను డాక్టరు నడిగిన పిమ్మటనే మానవలెను. ఏ పనికి మరల పోవచ్చునో యడుగునప్పుడు పని పేరు మాత్రము చెప్పి యూరకుండక, ఆ పనిలో నేమేమి చేయుదురో పూసగ్రుచ్చినట్లు చెప్పుడు. వ్యవసాయమన్నచో నగరపు డాక్టరునకు చేను తెలియకపోవచ్చును. బావిలో దిగుదును, బస్తా మోతును, రాత్రి పందులను తోలుదును అని చెప్పినగాని ఆయనకు సరియైన సలహా యిచ్చుటకు వీలుండదు.

కడపటి మాట. మీ యూరిలో పోటు వచ్చి లేచిన వృద్ధుడెవడైన నున్నచో, వానిని పనికిరానివానిగా చూడకుడు. వానికి కాళ్లతో పని తగ్గింపుడు గాని, కన్నులతోను బుద్ధితోను చేయు పని యప్పగింపుడు. నేనారాత్రి పరుగెత్తుటకు పందియొక్కటియే కారణము కాదు. నేనింకను పనికివత్తునని నలుగురికి చూపవలెనను తపన కూడ నన్ను లేపినది. ఆ తపన తీరు దారిని ముందే చూపినచో ముసలివాడు చీకటిలో పరుగెత్తడు.